ఉద్యోగం మానేశానంటే భార్యాబిడ్డలకు మనోవర్తి ఇవ్వక్కర్లేదా?

కృష్ణాతీరం:
తెలిసినవాళ్ళమ్మాయి కోసం అడుగుతున్నాను. నాలుగేళ్ళ బాబుతో తెనాలిలో పుట్టింట్లో ఉంటోంది. భర్తది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఎనిమిది నెలలుగా పైసా పంపలేదు, గట్టిగా అడిగితే ఉద్యోగం మానేశానంటున్నాడు. కేసు హైదరాబాద్‌లోనే వెయ్యాలా? ట్యూషన్ల మీద ఆమెకు నెలకు 6,000 వస్తోంది, అది అడ్డమా? ‘ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం’ అని కాగితం రాస్తే నెలనెలా ఇప్పిస్తామని పెద్దమనుషులు అంటున్నారు.

పాతవకాలత్:
దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని చట్టంలోనే ఉంది. అతను రెండు నెలలిచ్చి మానేస్తే, రేపు కోర్టులో ఆమెకు ఎదురు తిరిగేది ఆ కాగితమే. కొట్టినందుకో, పోషించనందుకో పుట్టింటికి వచ్చి ఉంటే ఆ కారణం పిటిషన్‌లో తేదీలతో రాయించండి. బాబుకు మాత్రం ఈ అడ్డంకులేవీ వర్తించవు.

కేసు తెనాలి వైపే వెయ్యొచ్చు. 2024 జూలై 1 నుంచి, మనోవర్తికి సంబంధించిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125 స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 144 వచ్చింది. సెక్షన్ 145 ప్రకారం భార్య ఉంటున్న చోటే దాఖలు చెయ్యొచ్చు. ఆ ఊరు ఫ్యామిలీ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ, లేకపోతే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో. ట్యూషన్ల సంపాదన ఆమె హక్కును పోగొట్టదు, మొత్తం తేల్చేటప్పుడు లెక్కలోకి వస్తుందంతే. లాయరు ఫీజుకు ఇబ్బందైతే 15100కి ఫోన్ చెయ్యండి. న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

గుంటూరువాణి:
ఒక్కటి కలుపుతాను. గడిచిన ఎనిమిది నెలల డబ్బు ఈ సెక్షన్ కింద రాదు. 2020 నవంబరు 4న రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు, పిటిషన్ వేసిన తేదీ నుంచి మనోవర్తి ఇవ్వాలంది. రాజీ మాటలతో గడిపే ప్రతి నెలా నష్టమే.

అదే తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ (ప్రమాణపత్రం) వెయ్యాలి. ఆమె ట్యూషన్ల డబ్బు దాచకూడదు. దాచి దొరికితే మిగతా మాటలూ నమ్మరు. పెళ్ళి ఫొటోలు, బాబు జనన ధ్రువపత్రం, స్కూలు ఫీజు, మందుల రసీదులు జతపరచండి. భార్యకు ఇంత, బాబుకు ఇంత అని విడిగా అడగండి. కేసు తేలేదాకా ఇప్పించే మధ్యంతర మనోవర్తికి వేరే దరఖాస్తు అదే రోజు పడాలి. భర్తకు నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, దాన్ని తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఆలస్యమయ్యేది నోటీసు అందకే. అందుకే అద్దె ఇంటిదీ, సొంతూరిదీ, ఆఫీసుదీ, తెలిసిన చిరునామాలన్నీ ఇవ్వండి.

ఇక ఉద్యోగం మానేశాడన్న మాట. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలిపని చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగా మానేశాడో లేదో పీఎఫ్ పాస్‌బుక్ చెబుతుంది. కంపెనీ మారినా యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారుడి నంబరు) ఒకటే కాబట్టి కొత్త జమలు అందులో కనిపిస్తాయి. అది, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించమని కోర్టును అడగండి.

కృష్ణాతీరం:
జీతంలో నాలుగోవంతు ఖాయమంటున్నారు, నిజమేనా? ఉత్తర్వు వచ్చాక కూడా ఇవ్వకపోతే?

పాతవకాలత్:
ఖాయం కాదండీ. నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. దాన్ని కొలమానంగా చూపించొచ్చు, అంతకన్నా ఎక్కువా రావొచ్చు, తక్కువా రావొచ్చు.

ఇవ్వకపోతే వసూలు పిటిషన్ వెయ్యాలి. బాకీపడ్డ ఒక్కో నెలకు, కోర్టు ఇచ్చే వసూలు వారెంటు అమలయ్యాక మిగిలిన మొత్తానికి, నెల దాకా జైలు వెయ్యొచ్చు. జైలుకెళ్ళినా బాకీ తీరినట్టు కాదు. కానీ సొమ్ము బాకీపడ్డ ఏడాదిలోపే దరఖాస్తు పడాలి, లేకపోతే ఆ నెలలకు వారెంటు రాదు. ‘పోనీ, ఇస్తాడులే’ అని రెండేళ్ళు ఆగినవాళ్ళు పాత నెలలు పోగొట్టుకునేది ఇక్కడే. మూడు, నాలుగు నెలలు పేరుకోగానే వేసెయ్యండి.