ముప్పై రోజుల రచనా సవాలు: ఒక్కరోజు తప్పితే లెక్క మళ్లీ మొదటికేనా?

సిరాచుక్క: వచ్చే నెల రోజుకు 300 పదాల చొప్పున 30 రోజులు రాద్దామని కొందరం అనుకున్నాం. ఒక్క నియమం దగ్గరే తెగడం లేదు. ఒకరోజు తప్పితే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలా?

గడియారం: పెట్టాలి. వెసులుబాటు ఇచ్చిన రోజే సవాలు నీరుగారిపోతుంది. 21 రోజులు వరుసగా చేస్తే ఏదైనా అలవాటవుతుందని ఊరికే అన్నారా?

తెల్లకాగితం: అసలు ఆ 21 ఎక్కడిదో చూశారా? 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స అయినవారు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని రాశారు. రచనకూ దానికీ సంబంధమే లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు.

గడియారం: 12 వారాలంటే 84 రోజులు. మరి 254 ఎలా చూశారండీ?

తెల్లకాగితం: చూడలేదు, అంచనా కట్టారు. నేను మాట్లాడుతున్నది తప్పిన రోజు గురించి.

గడియారం: అంచనా అని ముందే చెప్పి ఉండాల్సింది. పైగా అక్కడ చూసినవి పండు తినడం, నీళ్లు తాగడం లాంటివి. కథ రాయడం మంచినీళ్లు తాగినంత సులువా?

వానచినుకు: 300 ఎక్కువ. వంద చాలు.

తెల్లకాగితం: ఇలాంటి సవాలు పెట్టుకున్న ఒక బృందంలో నేనూ ఉన్నాను. అమ్మ ఆస్పత్రిలో ఉంటే వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫోనులో రాసి పంపాను. అప్పటికి అర్ధరాత్రి దాటి పది నిమిషాలు. తెల్లారేసరికి నా పేరు పక్కన ఎర్ర గుర్తు! ఆ కథ మళ్లీ ముట్టుకోలేదు.

గడియారం: బాధాకరమే. కానీ కథను ఆపింది ఎర్ర గుర్తా, మీరా?

తెల్లకాగితం: ఎంత తేలిగ్గా అనేశారు! పోయినసారి మీరు రాసినవీ చదివాం. ‘ఈరోజు రాయడానికేమీ లేదు’ అని పేజీల కొద్దీ. అదేనా సాధన?

నిర్వాహకుడు: వ్యక్తిగత విమర్శలు వద్దు.

గడియారం: అవును, రాశాను. సిగ్గేమీ లేదు. మనసుకు తట్టినప్పుడు రాద్దామని ఏళ్లు గడిపేశాను, ఒక్క పేజీ లేదు. గడువు మెడ మీద ఉంటేనే నేను కుర్చీలో కూర్చుంటాను. ఆ పేజీల్లో ఏముందన్నది నాకు తరువాతి సంగతి.

తెల్లకాగితం: అదిగో, ఇన్ని జవాబుల తరువాత అసలు మాట బయటపడింది. మీకు రోజూ కూర్చోవడం కావాలి. నాకు ఒక కథ పూర్తి కావాలి. నిన్నటి రెండు పేరాలు కొట్టేసి ఒకటి తిరగరాస్తే నా పని ముందుకు కదిలినట్టు. మీ లెక్కలో మాత్రం ఆరోజు సున్నా.

నిశాచరి: నానోరైమో అనే నవలా సవాలు 1999లో మొదలైంది. నవంబరు నెలలో 50,000 పదాలు రాసేవారు. సగటున రోజుకు 1,667 పదాలు. అందులోనూ చూసింది నెలాఖరు మొత్తాన్నే. ఈరోజు తప్పితే రేపు పూడ్చుకునే వీలుండేది.

గడియారం: రేపు పూడ్చుకుంటామనేవాళ్లను చాలామందిని చూశాను.

సిరాచుక్క: పదాల బదులు అరగంట అని పెడదామా? కొట్టివేతలూ లెక్కలోకి వస్తాయి.

గడియారం: అరగంట కూర్చున్నారని ఎవరు చూస్తారు?

తెల్లకాగితం: కొట్టేసిన పేజీ ఫొటో పెడతాను. చదవకపోతే చాలు.

గడియారం: సరే. అర్ధరాత్రి లోపు పెట్టండి.