చదవాలని గట్టిగా ఉంది, పుస్తకం మాత్రం తెరవలేకపోతున్నా. మీకెవరికైనా ఇలా అయిందా?

అనంత_రీడింగ్‌రూమ్ (అనంతపురం):
గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నా. ఉద్యోగం కావాలి, అందులో డౌటే లేదు. ఇంట్లో ఒక్క మాట అనరు, నాన్న అప్పు చేసి మరీ రూమ్ అద్దె పంపిస్తాడు. పొద్దున్నే సాయినగర్‌లో రీడింగ్ రూమ్‌కి పోతా, పాలిటీ పుస్తకం ముందు పెట్టుకుంటా, అంతే, ఛాతీలో ఏదో బరువు, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. సాయంత్రానికి నాలుగు పేజీలు కూడా కావు. మోటివేషన్ వీడియోలు చూస్తే అరగంట ఒళ్లు పొంగుతుంది, తర్వాత మళ్లీ మామూలే. బద్ధకం అనడానికీ లేదు, పెళ్లిళ్లలో క్యాటరింగ్‌కి పోతే రాత్రంతా నిలబడి వడ్డిస్తా. అసలు లోపల ఏం జరుగుతోంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ‘కష్టపడు బ్రో’ అని మాత్రం రాయొద్దు ప్లీజ్.

కర్నూలు_సైకాలజీ (కర్నూలు):
తమ్ముడూ, నేను సైకాలజీలో పీజీ చేశాను. క్యాటరింగ్ పని రాత్రంతా చేస్తా అన్నావు చూడు, అసలు విషయం అక్కడే ఉంది. నీకు శక్తి లేక కాదు, ఆ పుస్తకం చూడగానే నాన్న అప్పు, పోయినసారి రిజల్ట్, చుట్టాల మాటలు అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయి. ఫోన్ తీయగానే ఆ బరువు కాసేపు దిగిపోతుంది. దిగింది కాబట్టి రేపు అదే బరువు రాగానే చెయ్యి ఇంకా తొందరగా ఫోన్ మీదికి పోతుంది. వాయిదా వేయడం టైమ్ మేనేజ్‌మెంట్ సమస్య కాదు, బాధ కలిగించే భావం నుంచి అప్పటికప్పుడు తప్పించుకోవడం అని సిరోయిస్, పిచిల్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో రాశారు. నాకు తెలిసి ఈ విషయంలో ఇంతకంటే ఉపయోగపడే మాట లేదు.

ఇంకొకటి, ఫోన్ చూస్తున్నంతసేపు నిజంగా సంతోషంగా ఉందా? చాలామందికి ఉండదు, అయినా వదలరు. మిచిగన్ యూనివర్సిటీలో కెంట్ బెర్రిడ్జ్ ఎలుకల మీద చేసిన పని చదివితే ఇది అర్థమవుతుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని దాదాపు పూర్తిగా తీసేసిన ఎలుకలు తిండి పక్కనే ఉన్నా కదిలి తినవు, అలాగే వదిలేస్తే ఆకలితో చచ్చిపోతాయి. కానీ నోట్లో చక్కెర నీళ్లు పోస్తే మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా నాలుక చప్పరిస్తాయి. అంటే ఒకటి కావాలనిపించడానికి మెదడులో ఒక ఏర్పాటు, అది నచ్చడానికి ఇంకో ఏర్పాటు. నచ్చకపోయినా చెయ్యి ఎందుకు పోతుందంటే ఇందుకే.

ఏడురోడ్లు_రిటైర్డ్ (కడప):
నేను ఒప్పుకోను. మాకు భయం ఉండేది కాబట్టే చదువుకున్నాం. పరీక్ష తప్పితే చేలోకి పోవాల. ఆ భయమే లాక్కొచ్చింది. ఇప్పుడు పిల్లలకు భయం లేదు.

కర్నూలు_సైకాలజీ:
పెద్దాయనా, మీరన్నది కొంతవరకు నిజమే. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకలకు ఒక పని నేర్పిస్తూ, తప్పు చేసినప్పుడల్లా చిన్న షాక్ ఇచ్చి చూశారు. సులువైన పని అయితే షాక్ పెరిగేకొద్దీ తొందరగా నేర్చుకున్నాయి. కష్టమైన పనిలో మాత్రం ఒక మోతాదు దాటాక షాక్ పెంచితే నేర్చుకోవడం మందగించింది. గ్రూప్-2 సిలబస్ సులువైన పని కాదు కదా. ఈ అబ్బాయికి ఉన్న భయం చాలదా, ఇంకా పెంచాలా అని ఆలోచించండి.

టీచరమ్మ_కడప:
నాది ప్రైమరీ స్కూలు. ఖాళీ దొరికితే చాలు మా పిల్లలు సుద్దముక్కతో వరండా నేలంతా బొమ్మలు గీసేవాళ్లు, కోడి, ట్రాక్టర్, పక్కన దేవుని గుడి. తర్వాత ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే స్టార్ స్టిక్కర్లు తెచ్చి, బాగా గీసినవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు సుద్దముక్క చేతికిస్తే “స్టార్ ఇస్తారా టీచర్?” అని అడగడం మొదలైంది. ఇవ్వనన్న రోజు వరండా ఖాళీ. అప్పట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత చదివితే తెలిసింది, సరిగ్గా ఇదే అమెరికాలో 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ నర్సరీ పిల్లల మీద చేసి చూశారు. బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు కొన్నాళ్లకు తమంతట తాము బొమ్మలు గీయడం బాగా తగ్గించేశారు. ముందు చెప్పకుండా ఉన్నట్టుండి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. బహుమతి తప్పు కాదు, బేరం అయితేనే చేటు.

బాబూ, నువ్వు కూడా ‘ఇన్ని పేజీలైతే టీ, ఇన్నైతే సినిమా’ అని నీతో నువ్వే బేరం పెట్టుకుంటున్నావేమో చూసుకో. సిలబస్‌లో నీకు నిజంగా నచ్చే ముక్క ఏదైనా ఉందా?

అనంత_రీడింగ్‌రూమ్:
ఉంది మేడం. విజయనగర సామ్రాజ్యం, మన సీమ చరిత్ర. పెనుకొండ, గుత్తి కోటలు రెండూ చూశా. అది చదివేటప్పుడు బరువు ఉండదు. మార్కులు పాలిటీ, ఎకానమీలో పోతున్నాయి కాబట్టి హిస్టరీ పక్కన పెట్టేశా.

టీచరమ్మ_కడప:
పక్కన పెట్టొద్దు నాయనా. రోజూ దానితోనే మొదలుపెట్టు. డెసీ, రయాన్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి పరిశోధించి తేల్చింది ఏంటంటే, మనిషికి తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేతనవుతోందన్న నమ్మకం, నా అన్నవాళ్లతో కలిసి ఉండటం, ఈ మూడూ అందితే లోపలి కోరిక బతుకుతుంది. నీకు ఇప్పుడు మూడూ అందట్లేదు.

గుత్తి_కుర్రోడు:
మరి బోర్ కొట్టే సబ్జెక్టుకి ఏం చేయాలక్కా? ఎకానమీ మీద ఇష్టం యాడనుంచి తెచ్చుకోవాల?

కర్నూలు_సైకాలజీ:
ఇష్టం లేని పనికి చిన్న బహుమతి పెట్టుకుంటే నష్టమేమీ లేదు, ఎందుకంటే అక్కడ చెడిపోయే ఇష్టమే లేదు. దానికంటే బాగా పనిచేసేది ఇంకొకటి ఉంది. ‘రేపు ఎకానమీ చదువుతా’ అనుకోకుండా, ‘టిఫిన్ చేసి రీడింగ్ రూమ్‌లో కూర్చోగానే బడ్జెట్ చాప్టర్ మొదటి పేజీ తెరుస్తా’ అని ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తావో రాసుకో. పీటర్ గోల్‌విట్జర్ జర్మనీలో విద్యార్థుల మీద ఇది పరీక్షించాడు. సెలవుల్లో రాయాల్సిన ఒక రిపోర్టుకి ఎప్పుడు, ఎక్కడ అని ముందే రాసుకున్నవాళ్లలో పూర్తి చేసినవాళ్లు మిగతావాళ్లకు రెట్టింపు కంటే ఎక్కువ.

చీనీతోట_నార్పల:
నాకు సైకాలజీ తెలీదు, జరిగింది చెప్తా. మాది నార్పల వైపు, చీనీ (బత్తాయి) తోట. కరువు ఏండ్లలో ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేస్తాపోయినాం. బండి రాత్రంతా మొత్తుకుంటుంది, తెల్లటి దుమ్ము లేచి మొహాల నిండా పడుతుంది, తడి మాత్రం రాదు. చివరికి ఎట్లా అయిపోయిందంటే, డ్రిప్పుకి సబ్సిడీ ఇస్తాండారు, పోయి అప్లికేషన్ పెట్టుకోప్పా అని పక్కూరాయన వచ్చి చెప్పినా మంచం మీద నుంచి లేవబుద్ధి కాలేదు. పోతే మాత్రం ఏమొస్తుందిలే అనిపించేది. తిండి తింటాండా, నిద్రపోతాండా, కాని లోపల ఏమీ లేదు.

మా ఇంటామె ఒకరోజు తోటంతా నీకు చేతకాదు, బావి పక్క నాలుగు సాళ్లు మాత్రం బతికించు, మిగతావి నన్ను అడగొద్దు అంది. ట్యాంకర్ నీళ్లు ఆ చెట్లకే పోసినాం. మొదళ్ల చుట్టూ శెనక్కాయ పొట్టు మందంగా పరిచినాం. మిట్టమధ్యాహ్నం ఆ పొట్టు కిందికి చెయ్యి పెడితే మట్టి చల్లగా, తడిగా తగిలేది. ఆ తడి చూసినాంక నాకు రోజూ పోబుద్ధి అయింది. డ్రిప్పు అప్లికేషన్‌కి కూడా ఆ తర్వాతే పోయినా. ముందు ఉత్సాహం వచ్చి పని చేయలేదప్పా, పని కొంచెం చేతికి తగిలినాంకనే ఉత్సాహం వచ్చింది.

కర్నూలు_సైకాలజీ:
అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. 1967లో సెలిగ్‌మన్, మేయర్ కుక్కల మీద ఇదే చూశారు. తాము ఏం చేసినా షాక్ ఆగని కుక్కలు, తర్వాత అడ్డుగోడ దూకితే తప్పించుకునే వీలున్నా చాలావరకు అక్కడే పడుకుండిపోయాయి. ఏం చేసినా లాభం లేదని కుక్కలు నేర్చుకున్నాయి అన్నది అప్పటి వివరణ. అయితే 2016లో వాళ్లిద్దరే ఆ పాత వివరణను తిరగేశారు. కష్టం చాలాకాలం సాగితే డీలా పడిపోవడం మెదడుకు పుట్టుకతో వచ్చిన తీరేనట, నా చేతిలో కొంత ఉంది అన్నదే నేర్చుకోవాల్సిన విషయమట. మీకు ఆ నాలుగు సాళ్లు నేర్పింది అదే.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (కర్నూలు):
ఒక జాగ్రత్త చెప్పాలి. ఇష్టమైన హిస్టరీ కూడా రుచించకపోవడం, నిద్ర, ఆకలి పాడవడం, బతకడం ఎందుకు అనిపించడం, ఇవి రెండు వారాలు దాటి ఉంటే చిట్కాలతో కూర్చోవద్దు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. బతకడం ఎందుకు అన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పోయి సైకియాట్రీ ఓపీ అని అడగండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ, రాత్రయినా పలుకుతారు. మా వార్డుకి ఆఖరి నిమిషంలో వచ్చే పిల్లల్ని చూస్తుంటా కాబట్టి చెప్తున్నా, సిగ్గుపడి ఆలస్యం చేయకండి.

అనంత_రీడింగ్‌రూమ్:
థాంక్స్ సిస్టర్. హిస్టరీ ఇంకా బాగానే చదవబుద్ధి అవుతోంది, నిద్ర కూడా పడుతోంది. రేపటి నుంచి దానితోనే మొదలుపెడతా, తర్వాత పాలిటీలో ప్రాథమిక హక్కులు, అంతవరకే. ఒక్క డౌట్, ఎగ్జామ్ హాల్లో టెన్షన్‌కి చేతులు చల్లబడతాయి, దానికేం చేయాలి?

టీచరమ్మ_కడప:
హాల్లోకి పోయేముందు పది నిమిషాలు ఒక కాగితం మీద నీ భయాలన్నీ రాసెయ్, ఎవరికీ చూపించక్కర్లేదు. రామిరెజ్, బీలాక్ 2011లో చేసిన పరిశోధనలో ఎక్కువ టెన్షన్ పడే పిల్లలకు అలా రాశాక మార్కులు పెరిగాయి. మా పదో తరగతి మేనకోడలు రాసింది, కాగితం చింపేసి లోపలికి పోయింది. మాక్ టెస్ట్ ఉన్నరోజే మొదలుపెట్టు, అసలు పరీక్షకి అలవాటవుతుంది.