మనోవర్తి తీర్పు వార్తకు బుర్ఖా వెనుకభాగం బొమ్మే ఎందుకు?

గుంటూరు ఆపా:
తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2024 జూలై 10న తీర్పు ఇచ్చింది. విడాకులైన భార్యకు నెలకు 10,000 రూపాయల మధ్యంతర మనోవర్తి చెల్లించమన్న హైకోర్టు ఆదేశంపై భర్త అప్పీలుకు వెళ్లారు. విడాకులైన ముస్లిం స్త్రీల కోసం 1986లో తెచ్చిన ప్రత్యేక చట్టం ఉన్నంత మాత్రాన, ఏ మతం భార్య అయినా మనోవర్తి కోరే వీలిచ్చే సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 125వ సెక్షన్ ముస్లిం స్త్రీకి దూరం కాదని ఇద్దరు న్యాయమూర్తులూ వేర్వేరుగా తీర్పులు రాసి మరీ చెప్పారు. సంసారం చూసుకుంటూ ఇంట్లో ఉండే భార్య చేతికి డబ్బు అందేలా ఉమ్మడి బ్యాంకు ఖాతా వంటిది ఉండాలని జస్టిస్ నాగరత్న అన్న మాట ఏ మతం ఇల్లాలికైనా పనికొచ్చేదే. నేను చూసిన తెలుగు ఛానెళ్లు మాత్రం చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల ముందు నడిచిపోతున్న నల్ల బుర్ఖాల వెనుకభాగాన్ని చూపించి ఊరుకున్నాయి. రంజాన్ కొనుగోళ్లకూ అదే దృశ్యం, తలాక్‌కూ అదే, పోలింగ్ శాతానికీ అదే. చీర కట్టుకొని, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల ఆడవాళ్లు మా జిల్లాలో ఎంతమంది లేరు? వాళ్లు ముస్లిం మహిళలు కారా?

తటస్థుడు:
ఉన్నదాన్ని చూపిస్తే తప్పెలా అవుతుందండీ? పాతబస్తీలో పది నిమిషాలు నిలబడితే ఎన్ని బుర్ఖాలు కనిపిస్తాయో మీకు తెలియనిది కాదు. చీర కట్టుకున్న స్త్రీని చూపిస్తే ఆవిడ ముస్లిం అని ప్రేక్షకుడికి ఎలా తెలుస్తుంది? ఇంతకీ సానియాను, నిఖత్ జరీన్‌ను ఇదే మీడియా నెత్తిన పెట్టుకోలేదా?

డెస్క్ మనిషి:
నేను ఒక పత్రిక డెస్కులో పనిచేశాను కాబట్టి ఈ బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. తీర్పు వార్త వచ్చాక పేజీ వదలడానికి మిగిలేది కాసేపే. ఫొటోల నిల్వలో వెతికితే పైకి వచ్చేవి ఇవే. ముఖం కనిపించే ఫొటో వేస్తే, విడాకులతో ఏ సంబంధమూ లేని ఆ మనిషి మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి తన ఫొటో ఎందుకు వేశారని నిలదీస్తుంది, ఆమె అడగడంలో న్యాయమూ ఉంది. వెనుకభాగానికైతే ఆ గొడవ లేదు. ఇందులో కుట్ర కంటే బద్ధకమే ఎక్కువ.

గుంటూరు ఆపా:
డెస్క్ మనిషి గారూ, తీర్పు వార్తకు సుప్రీంకోర్టు భవనం ఫొటో మీ నిల్వలో లేదా? హిందూ దంపతుల విడాకుల వార్తకు గుడి మెట్లెక్కుతున్న స్త్రీల వెనుకభాగం ఎప్పుడైనా వేశారా?

తటస్థుడు గారూ, సానియా 2005లో హైదరాబాద్‌లో టైటిల్ గెలిచిన ఏడాదే చర్చ ఆమె స్కర్టు పొడవు మీదకు పోయింది. ఒక మతపెద్ద అన్న మాటను రోజుల తరబడి తిప్పితిప్పి చూపించింది ఎవరు? నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయి వస్తే ఆమెనూ హిజాబ్ గురించి అడిగారు. నెత్తిన పెట్టుకున్నా మీ చూపు బట్ట మీదే ఉంటుంది.

నా సంగతీ వినండి. మొన్న అద్దె ఇల్లు చూడటానికి వెళితే, యజమానురాలు కాఫీ ఇచ్చి, మా అమ్మగారి ఊరు అడిగి, చుట్టరికం కూడా కలిపేలా మాట్లాడారు. అగ్రిమెంటుకు ఆధార్ ఇవ్వగానే ఆమె ముఖం మారిపోయింది. ‘మీరు అలా కనిపించరే’ అన్నారు. సాయంత్రానికి ఇల్లు వాళ్ల బంధువులకు కావలసి వచ్చింది. ‘అలా’ అంటే ఎలాగో ఆమెకు నేర్పింది ఈ బొమ్మలే.

తటస్థుడు:
చాలామంది శాకాహారులు మాంసం వండేవాళ్లెవరికీ ఇల్లు ఇవ్వరు. అందులోకి టీవీని లాగడం అన్యాయం.

గుంటూరు ఆపా:
ఆవిడ ఇంట్లో ఆ రోజు చేపల పులుసు వండుతున్నారండీ.

నల్లమల:
సినిమాల సంగతి ఎవరూ ఎత్తలేదు. హీరో వచ్చి కాపాడవలసిన అమ్మాయి, లేదంటే హైదరాబాదీ యాసతో నవ్వించే పాత్ర. ముస్లిం స్త్రీ బ్యాంకు మేనేజరుగానో మండల వ్యవసాయాధికారిగానో కనిపించిన తెలుగు సినిమా నాకైతే గుర్తు రావడం లేదు.

గోల్కొండ గేటు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఆపా, నేను బుర్ఖా వేసుకుంటాను. ఆఫీసుకు అందులోనే వెళతాను, జీతమూ అందులోనే తెచ్చుకుంటాను. మీ మాటలు చదువుతుంటే, ‘మేము అలాంటివాళ్లం కాము, చీర కట్టుకునే మర్యాదస్తులం, మాకు ఇల్లు ఇవ్వండి’ అంటున్నట్టు ఉంది. అంటే ‘అలా’ కనిపించే నాకు ఇల్లు ఇవ్వకపోయినా ఫర్వాలేదా? కర్ణాటకలో 2022లో హిజాబ్ వేసుకున్న ఆడపిల్లలను కాలేజీ గేటు దగ్గర ఆపినప్పుడు కూడా చదువుకునేవాళ్లకు ఇదెందుకని మనవాళ్లే కొందరు అన్నారు. ఆ కేసులో సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తులకే ఏకాభిప్రాయం కుదరలేదు, మీకు మాత్రం అంతా తేలిపోయినట్టుంది.

గుంటూరు ఆపా:
నేను అనని మాటను నాకు అంటగట్టకండి. బుర్ఖా వద్దని నేను ఎక్కడ రాశాను? అదొక్కటే చూపించవద్దన్నాను. మీకు కోపం రావలసింది నా మీద కాదు.

గోల్కొండ గేటు:
ఎవరి మీద కోపం రావాలో కూడా మీరే చెబుతారా? మా అక్కకు తలాక్ ఇచ్చి, ఇద్దత్ (విడాకుల తర్వాత మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగే గడువు) రోజుల ఖర్చు అంటూ కొంత చేతిలో పెట్టి పంపేశారు. మసీదు కమిటీ పెద్దల దగ్గరకు వెళితే ఓపిక పట్టమన్నారు. కోర్టుకు వెళతామంటే, ఈ రోజుల్లో మన ఇంటి గొడవ బయట పడితే ఖౌమ్ (మన సమాజం) పరువు పోతుందని, శత్రువులకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని అన్నారు. అక్క మాట విన్నది ఒక లోకల్ ఛానెల్ రిపోర్టరే. తన ముఖం చూపించబోమని మాటిస్తేనే మాట్లాడతానని అక్క అన్నది, వాళ్లు వెనుక నుంచి తీశారు. మీరు తిడుతున్న ఆ దృశ్యంలో మా అక్క ఉంది.

తటస్థుడు:
నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే. అసలు సమస్య మీ పర్సనల్ లాలో ఉంది. 1985లో విడాకులైన షా బానో అనే ముస్లిం స్త్రీకి సుప్రీంకోర్టు నెలకు 179 రూపాయల 20 పైసలు ఇవ్వమన్నందుకే దేశమంతా అల్లకల్లోలం చేశారు.

గోల్కొండ గేటు:
మీరు అన్నది అది కాదు, పాతబస్తీలో బుర్ఖాలు లెక్కపెట్టమన్నారు. మా అక్క గోడును మీ వాదానికి సాక్ష్యంగా వాడుకోకండి.

గుంటూరు ఆపా:
చూశారా? చెప్పిన కాసేపటికే మీ అక్క మాట ఎవరి చేతిలోకి పోయిందో! నా భయం ఇదే, ఆ పెద్దల భయం వంటిది కాదు. 2021లో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, ధైర్యంగా రాసి మాట్లాడే ముస్లిం స్త్రీల ఫొటోలను, వాళ్లలో జర్నలిస్టులూ ఉన్నారు, యాప్‌లలో ఉత్తుత్తి వేలానికి పెట్టారు. ముఖం చూపిస్తే వేలం, దాచుకుంటే వెనుకభాగం. అందుకే మన కష్టం ముందు మన మధ్యనే, మనల్ని బద్నాం చేయనివాళ్ల దగ్గరే చెప్పుకోవాలంటాను.

గోల్కొండ గేటు:
మన మధ్య అంటే ఎక్కడ? మీ ఊరి కమిటీలో ఒక్క ఆడమనిషి అయినా ఉందా? 1986 చట్టం ప్రకారం ఇద్దత్ లోపల ఇచ్చేది ఆమె ముందు బతుక్కి కూడా సరిపోవాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఆ సంగతి మా పెద్దల్లో ఎవరూ మాకు చెప్పలేదు, కోర్టు వరండాలో ఒక గుమాస్తా చెప్పాడు.

డెస్క్ మనిషి:
ఒక్క సవరణ. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ 125వ సెక్షన్ స్థానంలో కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ వచ్చింది. భార్య తాను ఉంటున్న జిల్లాలోనే పిటిషన్ వేసుకోవచ్చు. ఇది నేను ఏ వార్తలోనూ బాక్సు కట్టి వేసిన గుర్తు లేదు.

గుంటూరు ఆపా:
మా కమిటీలో ఆడవాళ్లు లేరు. అయినా ఛానెల్‌ను నేను నమ్మను. మీ అక్క పిటిషన్ ఏ కోర్టులో ఉందో విడిగా మెసేజ్ పెట్టండి, మా చెల్లెలు అక్కడే ప్రాక్టీసు చేస్తుంది.

గోల్కొండ గేటు:
పెడతాను. ఛానెల్ విషయంలో మాత్రం మీతో ఒప్పుకోను.