కారవాజ్జో 'మత్తయి పిలుపు' ఏ వేళలో చూస్తే మంచిది?

నమస్కారం అండి. వచ్చే నెల రోమ్ వెళ్తున్నాను. సాన్ లుయిజీ దేయ్ ఫ్రాంచేసి చర్చిలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1599-1600లో వేసిన 'మత్తయి పిలుపు' బొమ్మ (సుంకం వసూలు చేసే మత్తయిని క్రీస్తు తన వెంట రమ్మని పిలిచే ఘట్టం) చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. బొమ్మలో కిటికీ ఉంది గానీ వెలుగు దాన్నుంచి రాదు. కుడిపక్క పైనుంచి, క్రీస్తు తల మీదుగా ఏటవాలుగా గోడ మీద పడి, సుంకరుల ముఖాలను తాకుతుంది. బల్ల చివర తల వంచి నాణేలు లెక్కపెట్టే కుర్రాడు మాత్రం సగం చీకట్లోనే ఉంటాడు, నా కళ్లు ఎప్పుడూ అక్కడే ఆగిపోతాయి. ఆ బొమ్మ ఉన్న చాపెల్‌లో (చర్చి లోపలి చిన్న ప్రార్థన గదిలో) బలిపీఠం పైనున్న అసలు కిటికీ కూడా ఆ వెలుగు వచ్చే వైపే. అందుకే నాణెం వేస్తే వెలిగే దీపాల్లో కాకుండా పగటి వెలుతురులో చూడాలనుంది.

వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి: పొద్దున్నా, సాయంత్రమా? దీపాలు ఆరాక ఆ కుర్రాడి ముఖం కంటికి ఆనుతుందా? బైనాక్యులర్ పనికొస్తుందా?