మనీ ప్లాంట్ ఆకు కొరికిన పిల్లికూన: ఏం చేయాలి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

నమస్కారమండీ. మా బాల్కనీ గ్రిల్‌కి మనీ ప్లాంట్ పాకించాం. ఇందాక మా పిల్లికూన దాని ఆకు కొరికింది. అప్పట్నుంచి చొంగ కారుస్తూ కాళ్లతో మూతి రుద్దుకుంటోంది, ఒకసారి కక్కింది కూడా. ఉప్పునీళ్లు పట్టమని అమ్మ అంటోంది. పట్టొచ్చా? కుండీల్లో కలబంద, బిళ్ళగన్నేరు, మల్లె, తులసి కూడా ఉన్నాయి. వాటి సంగతేంటి?

జవాబు

ఉప్పునీళ్లు వద్దే వద్దండీ. ఉప్పు ఎక్కువైతే పిల్లికి అదే విషం. అసలు కక్కించే ప్రయత్నమే చేయకండి, ఇప్పటికే మండుతున్న గొంతు ఇంకా పుండవుతుంది. తడిగుడ్డతో మూతి, చిగుళ్లు తుడిచి గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టండి. ఒక చెంచా పెరుగు నాకితే మంచిదే.

మనీ ప్లాంట్ ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కంద తరిగితే చేతులు దురద పెట్టేది కూడా వీటివల్లే, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. నమిలిన చోటల్లా గుచ్చుకుంటాయి కాబట్టి ఆ చొంగ. ప్రాణం మీదికి రావడం చాలా అరుదు, మామూలుగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. కానీ నాలుక వాచినా, ఊపిరి ఎగపోస్తున్నా, వాంతులు ఆగకపోయినా, రేపటికీ తిండి ముట్టకపోయినా పశువైద్యుడికి చూపించండి. కొరికిన ఆకు వెంట తీసుకెళ్లండి. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ వేయకండి, కొంచెమైనా పిల్లుల ప్రాణం తీస్తుంది.

మీ కుండీల్లో నాకు భయం బిళ్ళగన్నేరుతోనే. క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీసేది ఆ మొక్క నుంచే, అంత ఘాటైనది. దాన్ని ఇంట్లోంచి పంపించేయండి. కలబంద తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, అందనంత ఎత్తులో పెట్టండి. మల్లె, తులసితో ఇబ్బంది లేదు.

మరో జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

పూజకు గన్నేరు పూలు తెస్తారా అమ్మా? ఎర్రదైనా, పచ్చగన్నేరైనా గుండె మీద పనిచేసే విషం. కొమ్మలు, రాలిన ఆకులు గదిలో వదలొద్దు. అంతకంటే భయంకరమైనవి బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలు. పిల్లి ఒంటికి అంటిన పుప్పొడి నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా చాలు, 24 నుంచి 72 గంటల్లో కిడ్నీలు పాడైపోతాయి. వాంతి అయ్యేదాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లి సెలైన్ పెట్టించాలి. 18 గంటలు దాటితే కాపాడటం చాలా కష్టం.

ప్రశ్న అడిగినవారు

కూన నీళ్లు తాగిందండీ, చొంగ తగ్గింది. బిళ్ళగన్నేరు పీకేశాం. దండల్లో కట్టే లిల్లీపూలు కూడా అంతేనా? శుక్రవారం పటాలకు అవే వేస్తాం.

జవాబు

అవి నేలసంపెంగలండీ, ఆ జాతి కాదు, ఆ కిడ్నీ విషం వాటిలో ఉండదు. అయినా దండ దారం మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది, వాడిన దండలు వెంటనే తీసేయండి. కూనకి ఆకు కొరికే సరదా ఎలాగూ పోదు. ఓ చిన్న కుండీలో గోధుమలు చల్లండి, వారంలో గడ్డి వస్తుంది, దాన్ని నమలనివ్వండి. మనీ ప్లాంట్ తీగ కిందికి జారకుండా ఈలోపే కత్తిరించేయండి.