దీపం ఆరిందా, ఆర్పారా? గేమ్ ఇంజిన్‌లో ‘సిగ్నల్’కి తెలుగు మాట

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. సెలవుల్లో గోడో అనే గేమ్ ఇంజిన్‌లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చిన్న గేమ్ కడుతున్నాడు. పూరింట్లో దీపం, బయట చెట్టు మీద గుడ్లగూబ. గాలికి దీపం ఆరితే గుడ్లగూబ కూయాలి, తలుపు మూసుకోవాలి, పైన స్కోరు తగ్గాలి. అంతే ఆట.

మొదట వాడు దీపం స్క్రిప్టులోనే (అది ఏం చేయాలో చెప్పే కోడ్) గుడ్లగూబ చిరునామా రాసేశాడు: రెండు మెట్లు పైకెక్కు, చెట్టులోకి దిగు, గుడ్లగూబని కూయమను. ఓ రోజు ఆ పిట్టని చెట్టు మీంచి తీసి ఇంటికప్పు మీద పెట్టాడు. దీపం ఆరగానే గేమ్ ఆగిపోయింది. ఆ చిరునామాలో ఎవరూ లేరు మరి! అప్పుడు సిగ్నల్ గురించి చెప్పాల్సి వచ్చింది. దీపానికి గుడ్లగూబ ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియక్కర్లేదు. తనకి జరిగింది తను చెప్పుకుంటుంది. వినాలనుకున్నవాళ్లు ముందే దానితో కనెక్ట్ అయి ఉంటారు. ఎవరూ కనెక్ట్ కాకపోయినా ఎర్రర్ రాదు, మాట గాల్లో కలిసిపోతుంది.

దీన్ని తెలుగులో ఏమనాలి? ‘కబురు’ అన్నాను ముందు. కానీ కబురు ఫలానావాళ్లకే పంపుతాం. సైగ కూడా అంతే, ఎదుట మనిషి ఉండాలి. ‘చాటింపు’ దగ్గరగా అనిపించింది. దండోరా వేసేవాడు ఎవరు విన్నారో లెక్కపెట్టుకోడు కదా.

అసలు సరదా పేరు పెట్టే దగ్గర మొదలైంది. సిగ్నల్ పేరు భూతకాలంలో ఉండాలని గోడో వాళ్ల శైలి నియమం. మావాడు ‘దీపం ఆర్పు’ అని పెట్టాడు. కాదురా, అది ఆజ్ఞ, అది ఫంక్షన్ (పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) పేరు, సిగ్నల్ అయితే ‘ఆరింది’ అన్నాను. అన్నాక నాకే తట్టింది, ఈ తేడా మన క్రియల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆరు, ఆర్పు. తగ్గు, తగ్గించు. తెగు, తెంచు. నిండు, నింపు. ముగియు, ముగించు. జంటలో అకర్మకం సిగ్నల్‌కి, సకర్మకం ఫంక్షన్‌కి. ‘ఆరింది’ అంటే ఎవరు ఆర్పారన్న ఊసే లేదు. గాలి కావచ్చు, నూనె అయిపోయి ఉండొచ్చు. సిగ్నల్‌కి కావలసిందీ అదే. ఇంగ్లీషులో ఓపెన్డ్ అన్న ఒక్క మాటే తెరుచుకోవడానికీ తెరవడానికీ సరిపెట్టుకోవాలి. మనకి ‘తెరుచుకుంది’ విడిగా ఉంది. టైమర్ ఇచ్చే టైమౌట్‌కి ‘గడువు తీరింది’ కన్నా మంచి పేరు నాకు కనబడలేదు.

మీరేమంటారు? చాటింపు బాగుందా?

వ్యాఖ్య: చాటింపు ఊరంతటికీ వినబడుతుందండీ. మీరు చెప్పినదాంట్లో కనెక్ట్ అయినవాళ్లకే అందుతుంది. అక్కడ పోలిక తప్పింది. ‘సంకేతం’ అని పాఠ్యపుస్తకాల్లో ఉండనే ఉంది, దాన్నెందుకు వదిలేశారు?

జవాబు: మీ అభ్యంతరం న్యాయమే. సంకేతాన్ని ఎందుకు వదిలానంటే, ఆ మాటకి అసలు అర్థం ముందుగా చేసుకున్న ఒప్పందం. ఫలానా శబ్దానికి ఫలానా అర్థం అని అనుకోవడం సంకేతం. ప్రేమికులు కలుసుకోవాలని ముందే అనుకున్న చోటు సంకేతస్థలం. అలా చూస్తే సంకేతం సిగ్నల్‌కి కాదు, కనెక్షన్‌కి సరిపోతుంది. దీపానికీ గుడ్లగూబకీ మధ్య కుదిరిన ఒప్పందం అది.

ఒప్పందం చెడితే ఏమవుతుందో కూడా చూశాం. ఎడిటర్ ప్యానెల్లో మౌస్‌తో కలిపిన కనెక్షన్, ఆటలో ఏవేవి ఎక్కడున్నాయో రాసి ఉండే సీన్ ఫైల్లో ఒక లైనుగా ఉంటుంది: ఏ సిగ్నల్, ఎవరి నుంచి, ఎవరికి, ఏ ఫంక్షన్. మావాడు స్క్రిప్టులో ‘కూత’ అన్న ఫంక్షన్‌ని ‘అరుపు’గా మార్చాడు. సీన్ ఫైల్లో మాత్రం కూతే ఉండిపోయింది. దీపం ఆరింది, పిట్ట పలకలేదు, కింద ఎర్రగా ‘మెథడ్ (అంటే ఆ ఫంక్షనే) దొరకలేదు’ అని పడింది. అరగంట వెతికాం. సంకేతస్థలానికి వచ్చి, ప్రియుడు రాక మోసపోయిన నాయికని విప్రలబ్ధ అంటారు కదా అష్టవిధ నాయికల్లో, పాపం మా సిగ్నల్‌ది అదే అవస్థ. (ఇంజిన్ పేరు కూడా, ఎంత ఎదురుచూసినా రానివాడి నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’ నుంచి తీసుకున్నదే!)

వ్యాఖ్య: మాస్టారూ, ఇంత తిప్పలెందుకు? చౌరస్తాలో బండి ఆపి ‘సిగ్నల్ పడింది’ అంటాం. ఫోన్ పట్టుకుని ‘సిగ్నల్ అందట్లేదు’ అంటాం. మా అమ్మ కూడా అంటది. అది తెలుగు మాట కాదంటే ఆమె ఒప్పుకోదు.

జవాబు: ఈ ‘పడింది’ నాకు తట్టనేలేదు! సిగ్నల్ ఎవరు వేశారో అనం, పడింది అంటాం. అదీ అకర్మకమే. సరే, చాటింపుని వెనక్కి తీసుకుంటున్నాను. నామవాచకం సిగ్నల్ అనే ఉండనిద్దాం. కనెక్ట్ చేయడానికి ‘సంకేతం కుదర్చడం’ అంటే మావాడు నవ్వుతాడు, అది ‘కలపడం’ అంటే చాలు. సిగ్నల్‌ని పంపే ఎమిట్‌కి మాత్రం మీ ‘పడటం’ పనికిరాదేమో. స్క్రిప్టులో రాసేటప్పుడు అది మనం చేయించే పని, కాబట్టి ‘వేయడం’. రాసేవాడు సిగ్నల్ వేస్తాడు, వినేవాడికి సిగ్నల్ పడుతుంది. వేయు, పడు.

వ్యాఖ్య: మరి ప్లేయర్ గుమ్మంలోకి రాగానే వచ్చే సిగ్నల్‌కి, అదే బాడీ ఎంటర్డ్‌కి, ఏం పెట్టారు?

జవాబు: నేను ‘లోపలికి వచ్చారు’ అన్నాను. మావాడు ఒప్పుకోలేదు, వచ్చేది దయ్యం కూడా కావచ్చట. ‘ఎవరో వచ్చారు’ అని పెట్టుకున్నాడు.