ఆక్వా కారు మీటర్ 71 వేల కిలోమీటర్లు, డోర్ స్టిక్కర్ మీద 1,18,000: డీలర్ ఇస్తానన్న డబ్బు తీసుకోవచ్చా?

ఆక్లాండ్, కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే వర్క్ వీసా మీద న్యూజిలాండ్ వచ్చాం. పాపని స్కూల్లో దింపడానికి బస్సు కుదరక, ఇక్కడే ఒక డీలర్ దగ్గర జపాన్ నుంచి వచ్చిన 2014 టయోటా ఆక్వా కొన్నాను. 11,500 డాలర్లు, అందులో సగం డీలరే ఇప్పించిన లోన్. కొన్నప్పుడు మీటర్ 71 వేలు. మొన్న ఆయిల్ మార్పిస్తుంటే మెకానిక్ డ్రైవర్ డోర్ అంచున ఉన్న జపనీస్ స్టిక్కర్ చూపించాడు. R4.11 అని, కింద 118,000 అని ఉంది. డీలర్‌ని అడిగితే "పాత స్టిక్కర్, పట్టించుకోకండి" అన్నాడు. మర్నాడు తనే ఫోన్ చేసి 800 డాలర్లు, ఒక ఫ్రీ సర్వీస్ ఇస్తానని, "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" (ఇక మళ్ళీ ఏమీ అడగనని) కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. శుక్రవారం లోపు తేల్చాలట. పెట్టొచ్చా, వద్దా? ఇదొక్కటే నా ప్రశ్న.

హామిల్టన్:
తమ్ముడూ, అసలు ఆక్వా ఎవరు కొనమన్నారు? అంత పాత హైబ్రిడ్‌లో బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో ఎవరూ చెప్పలేరు. పెట్రోల్ ఆక్సియోనో ఫీల్డరో తీసుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. సరే, కార్‌జామ్ (బండి నంబర్ కొడితే దాని చరిత్ర చూపించే వెబ్‌సైట్) రిపోర్ట్ తీశావా? అందులో మీటర్ హిస్టరీ క్లీన్‌గా ఉంటే నీ కేసు నిలవదు. పైగా ఆ స్టిక్కర్ మీద ఉన్నది "మళ్ళీ ఆయిల్ ఎప్పుడు మార్చాలి" అనే నంబర్ అయ్యుంటుంది. వాళ్ళు అలాగే రాస్తారు.

వెల్లింగ్టన్:
పై సలహా పట్టుకుని కూర్చోకండి. కార్‌జామ్‌లో కనిపించే మీటర్ రీడింగులు న్యూజిలాండ్‌లో నమోదైనవి: ఇక్కడ తొలి రిజిస్ట్రేషన్, తర్వాత ప్రతి వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ తనిఖీ. ఓడ ఎక్కక ముందే మీటర్ వెనక్కి తిప్పేస్తే ఇక్కడ రిపోర్ట్ కడిగిన ముత్యంలా ఉంటుంది.

స్టిక్కర్ సంగతి. జపాన్‌లో ఏళ్ళు చక్రవర్తి శకంతో లెక్కేస్తారు. R అంటే రేవా శకం, దానికి 2018 కలపాలి. R4.11 అంటే 2022 నవంబర్. H అని ఉంటే అంతకుముందు శకం హెయ్‌సెయ్, 1988 కలపాలి. హామిల్టన్ అన్నయ్య అన్నట్టు అది తర్వాతి ఆయిల్ మార్పు నంబరే అనుకుందాం. మామూలుగా 5,000 ముందుకి రాస్తారు. తీసేస్తే 1,13,000. అప్పటికే లక్ష దాటిన బండి ఇక్కడ దిగేసరికి 71 వేలు ఎలా అయింది? జపాన్ నుంచి రివర్స్ గేర్‌లో వచ్చిందా?

ఇంకొకటి. జపాన్‌లో కొత్త కారుకి మూడేళ్ళకి, తర్వాత రెండేళ్ళకోసారి షాకెన్ తనిఖీ జరుగుతుంది, మీటర్ రీడింగ్ అక్కడ నమోదవుతుంది. ఆ కాగితాలు, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, ఆక్షన్ షీట్ (జపాన్ వేలంలో బండి పరిస్థితి, గ్రేడ్ రాసే కాగితం) కాపీలు ఇమ్మని డీలర్‌ని ఈమెయిల్‌లోనే అడగండి. ఫోన్‌లో వద్దు.

హామిల్టన్:
ఆక్షన్ షీట్ ఉంటే చాలు. నా బండి గ్రేడ్ 4.5, షీట్ చూసే కొన్నాను, ఇప్పటికీ గుర్రంలా పరిగెడుతోంది.

వెల్లింగ్టన్:
డీలర్ చేతికిచ్చిన జెరాక్స్ చూసి కొన్నారా, ఛాసిస్ నంబర్‌తో మీరే విడిగా తెప్పించుకున్నారా? ఫోటోషాప్ చేసిన షీట్లు బోలెడు తిరుగుతున్నాయి.

టౌరంగా:
బాబూ, ఫ్రీ సర్వీస్ అన్న మాట చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

మేము వచ్చిన కొత్తలో అత్తగారు వాళ్ళు వస్తున్నారని ఏడు సీట్ల బండి కావాలనుకున్నాం. యార్డ్ ఆయన ఎంత మర్యాద చేశాడో. టీ ఇచ్చాడు, పిల్లలకి చాక్లెట్లు ఇచ్చాడు, "మీ తెలుగువాళ్ళంతా నా కస్టమర్లే" అన్నాడు. తక్కువ తిరిగిన బండి అన్నాడు, నమ్మాం. కొన్నాళ్ళకే గేర్ మారినప్పుడల్లా బండి వణకడం మొదలైంది. ట్రాన్స్‌మిషన్ షాపు వాళ్ళు విప్పి చూసి, ఈ అరుగుదల మీటర్‌కి సరిపోలడం లేదన్నారు. అప్పుడు గ్లవ్ బాక్స్ వెతికితే జపనీస్ సర్వీస్ పుస్తకం దొరికింది. అందులో రాసిన కిలోమీటర్లు మా మీటర్ మీద ఉన్నదానికన్నా చాలా ఎక్కువ.

డీలర్‌కి చెప్తే "అయ్యో, బండి తీసుకురండి, ఫ్రీగా అంతా చూసిస్తాం" అన్నాడు. ఇచ్చాం. బండి కడిగి, మెరుగు పెట్టి మరీ ఇచ్చాడు. పుస్తకం లేదు. అడిగితే "ఏ పుస్తకం?" అన్నాడు! మా ఆయన జపనీస్ తెలిసిన కొలీగ్‌తో చదివించడానికి అంతకుముందే ప్రతి పేజీ ఫోటో తీసి పంపారు కాబట్టి బతికిపోయాం.

తర్వాత ఏమన్నాడంటే, మీకు అమ్మిన మెకానికల్ బ్రేక్‌డౌన్ ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్ చేసుకోండన్నాడు. వాళ్ళేమో కొనకముందు నుంచీ ఉన్న లోపం, కుదరదన్నారు. చివరికి బండ్ల డీలర్ల మీద ఫిర్యాదులు వినే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కి వెళ్ళాం. ఆ పుస్తకం వేరే బండిదని వాదించాడు. మొదటి పేజీ ఫోటోలో ఛాసిస్ నంబర్ ఉంది, మా బండిదే. బండి వెనక్కి తీసుకుని డబ్బివ్వమని తీర్పు వచ్చింది. ఆ డబ్బు రాబట్టడానికి మళ్ళీ డిస్ట్రిక్ట్ కోర్టు ద్వారా వెంటపడాల్సి వచ్చింది, అది వేరే కథ.

అందుకని ఆ స్టిక్కర్ పోనివ్వకు. డీలర్ చేతికి తాళం ఇవ్వకు.

క్రైస్ట్‌చర్చ్:
అందుకే నేను డీలర్ల జోలికే వెళ్ళను. ఫేస్‌బుక్‌లో ప్రైవేటుగా కొంటే రెండు వేలు మిగులుతుంది, ఇంటికెళ్ళి మనిషిని చూసి కొంటాం.

వెల్లింగ్టన్:
మనిషిని చూస్తే మీటర్ నిజం తెలుస్తుందా అండీ? ప్రైవేటు అమ్మకానికి కన్స్యూమర్ గ్యారంటీస్ యాక్ట్ (వ్యాపారి అమ్మిన వస్తువు సరిగ్గా ఉండాలనే చట్టం) వర్తించదు, టౌరంగా వాళ్ళు వెళ్ళిన ట్రిబ్యునల్‌కీ వెళ్ళలేరు. అబద్ధం చెప్పి అమ్మాడని మామూలు డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌లో తేల్చుకోవాలి. ఆ "ప్రైవేటు" వాళ్ళలో సగం మంది దొంగ డీలర్లే. ఏడాదిలో ఆరు బండ్లకన్నా ఎక్కువ అమ్మితే చట్టం అతన్ని ట్రేడర్‌గానే చూస్తుంది, రిజిస్టర్ అవ్వాల్సిందే.

క్రైస్ట్‌చర్చ్:
సగం మంది అని ఎవరు లెక్కపెట్టారు? మా ఇంట్లో మూడు బండ్లూ అలా కొన్నవే.

డనీడిన్:
మీ గొడవ తర్వాత పడండి. అతను అడిగింది సంతకం గురించి. ఇంతవరకు దానికి సూటిగా ఎవరూ చెప్పలేదు.

పెట్టొద్దు. 71 వేల బండికి, లక్ష దాటిన బండికి మధ్య ధరలో తేడా, దాని ఆయుష్షు తేడా 800 డాలర్లతో పూడేది కాదు. ఆ కాగితం మీద సంతకం పెడితే, రేపు ఇంకేం బయటపడినా ముందు ఆ సంతకంతోనే పోట్లాడాలి. శుక్రవారం గడువు చట్టం పెట్టింది కాదు, అతను పెట్టింది. ఫెయిర్ ట్రేడింగ్ యాక్ట్ (వ్యాపారులు తప్పుదోవ పట్టించకూడదనే చట్టం) కింద నష్టం తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి మూడేళ్ళ వరకు దావా వేయొచ్చు. అలాగని నాన్చకండి. గ్యారంటీస్ యాక్ట్ కింద బండి తిరస్కరించాలంటే సహేతుకమైన సమయంలో చెప్పాలి. చెప్పాక కూడా రోజూ నడుపుతూ ఉంటే మీ మాట పలచబడుతుంది.

కొన్నప్పుడు అద్దానికి అంటించిన, బండి వివరాలుండే కన్స్యూమర్ ఇన్ఫర్మేషన్ నోటీస్ మీద మీ చేత సంతకం పెట్టించుకుని కాపీ ఇచ్చి ఉంటారు. దాన్ని వెతకండి. మీటర్ అంకె దాని మీద రాసిచ్చాడు కాబట్టి "నోటితో అన్నాను" అని తప్పించుకోలేడు. మీటర్ సరైనదో కాదో తెలియదని అందులో ఎక్కడైనా గుర్తు పెట్టాడేమో చూడండి. బండి బిజినెస్ వాడకానికని ఎక్కడైనా టిక్ కొట్టించాడేమో కూడా చూడండి. ఊబర్ నడిపే మన కుర్రాళ్ళు అక్కడే దెబ్బ తింటారు, గ్యారంటీస్ యాక్ట్ నుంచి అలా తప్పుకునే వీలుంది.

ఆపైన ఒక ఈమెయిల్: మీటర్ తప్పుగా చూపించి అమ్మారు, బండి తిరస్కరిస్తున్నాను, డబ్బు వెనక్కివ్వండి. ఒప్పుకోకపోతే ట్రిబ్యునల్. లక్ష డాలర్ల వరకు కేసులు వింటారు, లాయరు అక్కర్లేదు.

ఆక్లాండ్, కొత్త సభ్యుడు:
అందరికీ చాలా థాంక్స్. స్టిక్కర్, ఛాసిస్ ప్లేటు, మీటర్ అన్నీ ఒకే వీడియోలో తీశాను. నోటీస్ దొరికింది, 71 వేలు అనే ఉంది, ఏ గుర్తూ లేదు. బిజినెస్ టిక్కూ లేదు. సంతకం పెట్టనని ఈమెయిల్ పంపేశాను. ఒకటే టెన్షన్, లోన్ సంగతి ఏంటి? మోసపోయిన బండికి వాయిదాలు ఆపేయొచ్చా?

టౌరంగా:
ఆపకు బాబూ. ఆపితే నీ క్రెడిట్ పాడవుతుంది, ఫైనాన్స్ వాళ్ళు బండి పట్టుకుపోతారు. మాదీ డీలర్ ఇప్పించిన లోనే. బండి వెనక్కిచ్చే తీర్పుతో పాటు మిగిలిన లోన్ కూడా డీలరే కట్టుకునేలా ట్రిబ్యునల్ ఆర్డర్ వేసింది. దరఖాస్తులో ఫైనాన్స్ కంపెనీ వివరాలు రాసి, లోన్ అగ్రిమెంట్ కాపీ జతచెయ్యి. అప్పటిదాకా కట్టిన ప్రతి వాయిదాకీ బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకో.